సెలెక్టర్ వాల్వు పట్టేసిన విమానం ఎగరడానికి సిద్ధంగా లేనట్టే
సొంత విమానాలు కడుతున్న తెలుగువారికి, వాటిని తనిఖీ చేసేవారికి బహిరంగ లేఖ

నమస్కారం.

ఆర్‌వీ (ఇంట్లో కట్టుకునే చిన్న విమానం) కిట్టు తెప్పించుకుని డాలస్‌లోనో అట్లాంటాలోనో ఇంటి గరాజులో రివెట్లు కొడుతున్నవాళ్లకు, వేరేవాళ్లు కట్టిన విమానాన్ని కొనుక్కుని ఎగరేస్తున్నవాళ్లకు, సొంత విమానాలు కట్టుకునేవారి సంఘం ఈఏఏలో టెక్నికల్ కౌన్సెలర్లుగా తోటివాళ్ల పని చూసి సలహా చెబుతున్నవాళ్లకు ఈ ఉత్తరం. విషయం ఒక్కటే, ఫ్యూయల్ సెలెక్టర్ వాల్వు. ఏ ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు వెళ్లాలో నిర్ణయించే ఆ చిన్న పిడి తిప్పడానికి గట్టిగా ఉంటే చాలామంది దాన్ని లోపం కింద లెక్కెయ్యరు. "మా వాల్వు కాస్త బిగువు, అలవాటైపోయింది" అని చెప్పి ఊరుకుంటారు. ఆ అలవాటు మానేయమనీ, ఏటా చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో వాల్వు బిగువును కొలిచి లాగ్‌బుక్‌లో అంకె వెయ్యమనీ అడగడానికే ఇది రాస్తున్నాం.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1997 అక్టోబరు 12 సాయంత్రం గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్-ఈజీ విమానం కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ ఒడ్డున మాంటెరే బేలో కూలింది. ఆ విమానం ఆయన అప్పుడే కొన్నది, కట్టింది వేరొకరు. డిజైనర్ బర్ట్ రూటన్ గీసిన ప్లాన్ల ప్రకారం లాంగ్-ఈజీలో సెలెక్టర్ పైలట్ కాళ్ల మధ్య, కళ్ల ముందు ఉండాలి. ఈ విమానం కట్టినతను కాక్‌పిట్‌లోకి పెట్రోలు గొట్టాలు రాకూడదనుకుని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. పిడి దగ్గర ఏ ట్యాంకు ఎటో గుర్తు లేదు. ట్యాంకుల్లో ఎంతుందో చూపే గాజు గొట్టాల మీద కూడా గీతలు లేవు, పైగా అవి వెనక సీటు దగ్గర ఉన్నాయి. లేచే ముందు టెక్నీషియన్ పిడికి వైస్‌గ్రిప్ పటకారు తగిలించి అందుతుందేమో చూశాడు, కుదరలేదు. గేజీలు చూసుకోవడానికి చిన్న అద్దం ఇచ్చాడు. అవసరమైతే ఆటోపైలట్ పెట్టి వాల్వు తిప్పుకుంటానని డెన్వర్ అన్నాడు. పెట్రోలు పోయించుకోమంటే వద్దన్నాడు.

ఆ వాల్వు తిప్పాలంటే విమానాన్ని అదుపు చేసే కుడి పక్క స్టిక్కు వదలాలి, భుజాల బెల్టు సడలించాలి, ఒళ్లంతా ఎడమకి తిప్పి వెనక్కి చెయ్యి చాపాలి. అలా మెలితిరిగినప్పుడు ఆసరా కోసం కుడికాలు రడ్డర్ పెడల్ని (ముక్కును పక్కకి తిప్పేదాన్ని) తన్నడం సహజం. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చివరికి తేల్చింది కూడా అదే: వాల్వు తిప్పే ప్రయత్నంలో పైలట్ దృష్టి మళ్లింది, తెలియకుండానే కుడి రడ్డర్ నొక్కాడు, అదుపు తప్పింది. పెట్రోలు పోయించకుండా లేవడం మరో కారణం. గుర్తుల్లేని, అందని చోట వాల్వు పెట్టడం, గీతల్లేని గేజీలు, ఆ రకం విమానంలో తగిన శిక్షణ, అనుభవం లేకపోవడం దోహదం చేశాయని చెప్పింది. శిథిలాల్లో దొరికిన వాల్వు ఏ ట్యాంకు మీదా పూర్తిగా లేదు, మధ్యలో ఆగి ఉంది.

ఆ ప్రమాదం గురించి మాట్లాడేటప్పుడు అందరూ వాల్వు ఉన్న చోటు గురించే చెబుతారు. చోటు తప్పే, కాదనం. కానీ చోటు సరిగ్గా ఉన్నా, వాల్వు పట్టేస్తే పైలట్ ఇలాంటి పనులే చేస్తాడు. ముందుకు వంగుతాడు, రెండో చెయ్యి సాయం తీసుకుంటాడు, కళ్లు కిందికి దించుతాడు, కాలు ఎక్కడో తన్నిపెడతాడు. బిగుసుకున్న పిడి మధ్యలో ఆగితే రెండు రంధ్రాలూ సగం సగం తెరుచుకుంటాయి. ఖాళీ ట్యాంకు వైపు కొంచెం తెరిచి ఉన్నా చాలు, పంపు పెట్రోలు బదులు గాలి లాగుతుంది. ఇంకో చెడు కూడా ఉంది, అది కంటికి కనపడదు. తిప్పడం కష్టమైనకొద్దీ పైలట్ తిప్పడం తగ్గిస్తాడు. అరగంటకోసారి ట్యాంకు మార్చాల్సినవాడు గంటన్నర ఒకే ట్యాంకు మీద లాగుతాడు. ఒక రెక్కలో నిండా పెట్రోలుండగానే ఇంజను ఆగిపోయే పరిస్థితి అక్కడ మొదలవుతుంది.

ఫ్యాక్టరీలో తయారై సర్టిఫికెట్ పొందే విమానాలకు అమెరికా విమానయాన నిబంధనల్లోని పాత పార్ట్ 23 స్పష్టంగా చెప్పింది. పైలట్ సీటునూ స్టిక్కునూ కదపకుండా సెలెక్టర్ కనపడాలి, అందాలి. ప్రతి స్థానమూ చేతికి టక్కుమని తెలియాలి. ఆఫ్ చెయ్యడానికి వేరే, ప్రత్యేకమైన పని చెయ్యాలి. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి మారేటప్పుడు ఆఫ్ మీదుగా పోకూడదు. ముల్లు పిడికి పొడవైన కొన మీదే ఉండాలి, ఆఫ్ గుర్తు ఎర్రగా ఉండాలి. సొంతంగా కట్టుకునే మన ఎక్స్‌పెరిమెంటల్ కోవ విమానాలకు ఇవి వర్తించవు. ఏటా చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి ఆధారమైన పార్ట్ 43 అపెండిక్స్ డిలో కూడా సెలెక్టర్ వాల్వు పేరెత్తి చెప్పలేదు, "అన్ని వ్యవస్థలు" అన్న మాటలో అది కలిసిపోయింది. ఈ ఖాళీని మనమే నింపుకోవాలి.

ఇక వాల్వు ఎందుకు పట్టేస్తుందో చూద్దాం. విప్పే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవడం సగం పని. మొదట పిడినీ, పొడుగు షాఫ్టు ఉంటే దాన్నీ వాల్వు నుంచి విడదీసి, వాల్వు కాడను ఒంటిగా తిప్పి చూడండి. అది తేలిగ్గా తిరిగితే రోగం వాల్వుది కాదు. షాఫ్టు వంకరగా ఉండొచ్చు, యూనివర్సల్ జాయింటు ఎక్కువ కోణంలో పనిచేస్తుండొచ్చు, కన్సోలు పలకలో రంధ్రం అంచు షాఫ్టుకి రాసుకుంటుండొచ్చు. షాఫ్టు సన్నటి అల్యూమినియం గొట్టమైతే అది మెలిపడి, బిగుసుకుని, ఒక్కసారిగా వదులుతుంది, దాంతో పిడి కావలసిన చోటు దాటి దూకుతుంది. జాయింట్ల పిన్నుల్లో లూజుంటే ఇంకా ప్రమాదం. పిడి ముల్లు ఎడమ ట్యాంకు మీద కనపడుతుంది, లోపల వాల్వు మాత్రం అక్కడికి చేరి ఉండదు.

కాడ ఒంటిగా కూడా గట్టిగానే ఉంటే, తర్వాత అనుమానించాల్సింది గొట్టాలను. ట్యాంకుల్లో పెట్రోలు తీసేశాక గొట్టాల నట్లు ఒక్కొక్కటే సడలించి, ప్రతిసారీ కాడను తిప్పండి. నట్టు వదలగానే వాల్వు తేలికైందంటే గొట్టం వాల్వును పక్కకి లాగుతోందన్నమాట. గొట్టం వంపు అరంగుళం తేడాగా ఉంటే నట్టుతో లాగి కూర్చోబెట్టడం మామూలుగా జరిగే తప్పు. గొట్టాన్ని మళ్లీ వంచండి, లేదా కొత్తది చెయ్యండి. నట్టు బిగించకముందే గొట్టం చివర దానంతటది ఫిట్టింగు మీద కూర్చోవాలి.

మూడోది చాలామందికి తట్టదు. వాల్వు ఒంటికి ఎన్‌పీటీ పైపు మరలున్న ఫిట్టింగులు బిగిస్తాం. ఆ మర కోసుగా ఉంటుంది కాబట్టి ఎంత బిగిస్తే అంత చీలలా దిగుతుంది. కారుతోందని ఇంకో పావు చుట్టు, ముఖం కావలసిన దిక్కుకి రాలేదని ఇంకో పావు చుట్టు బిగిస్తే ఇత్తడి ఒళ్లు ఉబ్బి, లోపలి గుంత గుండ్రదనం పోతుంది. కొత్త వాల్వు బిగించిన రోజే గట్టిగా ఉందంటే ముందు ఇక్కడే వెతకండి. ఫిట్టింగు బిగించేటప్పుడు వాల్వు ఒంటిని ఒక రెంచితో పట్టుకుని, రెండో రెంచితో తిప్పాలి. ఆ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పోగులు తెగి వాల్వులోకి, అక్కడినుంచి కార్బురేటర్‌లోకి పోతాయి. పెట్రోలుకి కరగని పేస్టు పూసి, మొదటి మర పొడిగా వదలండి.

ఈ మూడూ కాకపోతే లోపం వాల్వు లోపలే. పాత ఆర్‌వీల్లో, లాంగ్-ఈజీ లాంటివాటిలో ఎక్కువగా కనపడేది ఇత్తడి టేపర్ ప్లగ్ వాల్వు. కోసుగా ఉన్న ఇత్తడి ప్లగ్గు, అదే కోసున్న గుంతలో కూర్చుని తిరుగుతుంది, స్ప్రింగు దాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. లోహానికి లోహానికి మధ్య ఉండేది పల్చటి గ్రీజు పొర. కారకుండా ఆపేదీ తేలిగ్గా తిప్పనిచ్చేదీ ఆ పొరే. పెట్రోలు ఆ పొరని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. పొర పోయాక ఇత్తడి ఇత్తడిని గీకుతుంది. గీకిన చోట పొడి లేస్తుంది, ఆ పొడి ఇంకా గీకుతుంది. ఎక్కువకాలం ఎగరకుండా నిలిపిన విమానంలో పెట్రోలు ఆవిరై జిగురు పట్టుకుంటుంది. ఇథనాల్ కలిసిన కారు పెట్రోలు పోస్తే నీటిని లాక్కుని ఇత్తడి మీద పచ్చటి చిలుము తెస్తుంది.

కొత్త విమానంలో వాల్వుని చంపేది వేరొకటి. ట్యాంకు కట్టేటప్పుడు మిగిలిన అల్యూమినియం తురుము, సీలెంటు ముక్కలు, కాంపోజిట్ విమానమైతే గ్లాసు దుమ్ము. మొదటిసారి పెట్రోలు పోసి వాల్వు తిప్పగానే ఇవి ప్లగ్గు మీద గీతలు పెడతాయి. అందుకే ట్యాంకు గొట్టాన్ని వాల్వుకి కలిపే ముందు, ఒక్కో ట్యాంకులోంచి నాలుగైదు గ్యాలన్లు బకెట్‌లోకి వదిలి, రంగు వడకట్టే జల్లెడలోంచి పోనిచ్చి, ఏమీ రాలడం లేదని తేలాకే కలపండి. ఇక్కడ ఒక పూట ఖర్చవుతుంది, వాల్వు దక్కుతుంది.

ప్లగ్ వాల్వు విప్పి బాగుచెయ్యడం గంటన్నర పని, తొందర లేకుండా చెయ్యాలి. బ్యాటరీ తీగ ఊడదీయండి, విమానానికి ఎర్త్ తీగ కలపండి, గరాజు తలుపు తెరవండి, గ్యాస్ గీజర్ లాంటి మంట ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి, ఆర్పే సిలిండరు చేతికందేలా పెట్టుకోండి. ట్యాంకులు రెండూ ఖాళీ చేసి గొట్టాలు విప్పగానే మూతలు పెట్టండి, ఫిట్టింగులకు ఏఎన్929, గొట్టం చివరలకు ఏఎన్806. వాల్వు తీసే ముందు ఒంటి మీదా ప్లగ్గు మీదా మార్కర్‌తో ఒకే గీత గీయండి, ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటో తీయండి. ప్లగ్గుని తిప్పి పెట్టేస్తే ఎడమది కుడి, కుడిది ఎడమ అయిపోతుంది.

కింద ఉన్న నట్టు లేదా క్లిప్పు, వాషరు, స్ప్రింగు వరసగా తీసి, అదే వరసలో గుడ్డ మీద పేర్చండి. ప్లగ్గుని సన్న కొన వైపు నుంచి చెక్క పుల్లతో గానీ ఇత్తడి కడ్డీతో గానీ మెల్లగా తోయండి. సుత్తి దెబ్బ వద్దు. ప్లగ్గూ ఒళ్లూ కలిపి రుద్ది జత చేసినవి కాబట్టి వేరే వాల్వు ప్లగ్గు ఇందులో సరిపోదు, రెండు వాల్వులు విప్పితే కలిసిపోకుండా చూడండి. మినరల్ స్పిరిట్స్‌తో, నూలు రాలని గుడ్డతో రెండింటినీ తుడవండి. ఇప్పుడు ప్లగ్గుని వెలుగు కింద పెట్టి, గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు తగిలే గీత ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా సాగి ఉంటే ఆ వాల్వు పని అయిపోయినట్టే, కొత్తది తెప్పించండి. ఎమరీ పేపరు వెయ్యకండి. మామూలు గ్రైండింగ్ పేస్టుతో రుద్దితే దాని రవ్వలు మెత్తటి ఇత్తడిలో దిగబడిపోతాయి, ఎన్ని కడుగుళ్లు కడిగినా రావు, తర్వాత తిప్పిన ప్రతిసారీ గీకుతూనే ఉంటాయి.

ప్లగ్గు బాగుంటే పెట్రోలుకి కరగని గ్రీజు పూయాలి. మెకానిక్కులు ఫ్యూయల్ లూబ్ అంటారు, దుకాణంలో ఈజీ టర్న్ అనే పేరుతో దొరుకుతుంది. బెల్లం పాకంలా సాగుతూ, వేలికి అంటుకుంటే వదలదు. చక్రాల బేరింగు గ్రీజు, సిలికాన్ గ్రీజు, వాసెలిన్ ఇక్కడ పనికిరావు. డబ్ల్యూడీ-40 అసలే వద్దు. అది ఉన్న కాస్త గ్రీజునీ కరిగించి కిందికి తీసుకుపోతుంది, కొట్టిన రోజు వాల్వు హాయిగా తిరుగుతుంది, తర్వాత ముందుకన్నా గట్టిగా పట్టేస్తుంది. కాడ దగ్గర బయట కొట్టిన ఏ స్ప్రే కూడా కోసు ముఖం మీదికి సరిగ్గా చేరదు, విప్పక తప్పదు. గ్రీజుని వేలితో ప్లగ్గు ముఖమంతా పల్చగా, లోహం రంగు కనపడేటంత పల్చగా రాయండి. రంధ్రాల అంచుల దగ్గర ఇంకా తక్కువ. ఎక్కువ రాస్తే తిప్పినప్పుడు రంధ్రంలోకి ఒత్తుకుపోయి, పెట్రోలు వడకట్టే గాస్కొలేటర్ జల్లెడకీ కార్బురేటర్ సన్న దారులకీ అడ్డం పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు నట్టు విషయంలో నిగ్రహం కావాలి. ప్లగ్గుని కూర్చోబెట్టేది స్ప్రింగు, నట్టు స్ప్రింగుని పట్టుకోవడానికే. స్ప్రింగు పూర్తిగా నలిగేదాకా బిగిస్తే వాల్వు మళ్లీ పట్టేస్తుంది. అయితే మరీ వదులుగానూ వదలకూడదు, కారణం ఇది: రెక్కలు కిందున్న ఆర్‌వీల్లో సెలెక్టర్ పంపుకి ముందు ఉంటుంది, అంటే పంపు దాన్ని పీలుస్తుంటుంది. అక్కడ వదులుంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద ఒక్క చుక్క కనపడదు, గాల్లో మాత్రం ఫ్యూయల్ ప్రెషర్ ముల్లు వణుకుతుంది. దీన్ని పట్టుకోవడానికి రక్తపోటు చూసే మిషను రబ్బరు బల్బు, దాని గేజీ చాలు. బయటి దారులు మూసి 100 మిల్లీమీటర్ల దాకా పంపు చెయ్యండి, అంటే దాదాపు 2 పీఎస్ఐ. ముల్లు నిలవాలి. దిగుతుంటే కాడ చుట్టూ, ఫిట్టింగుల చుట్టూ సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడొస్తోందో చూడండి. తర్వాత లోపలి కారుడు: ఎడమలో పెట్టి కుడి దారిలో ఊదితే గాలి పోకూడదు, ఆఫ్‌లో ఏ దారి నుంచీ పోకూడదు.

లోపల రబ్బరు చుట్లుండే ఓ-రింగుల వాల్వుల సంగతి వేరు. ఆండెయిర్ లాంటి కొత్త వాల్వుల్లో స్థానాలు చేతికి స్పష్టంగా తెలుస్తాయి, ఆఫ్‌కి పోవాలంటే బటను ఎత్తాలి. డబ్బు కలిసొస్తే ఇత్తడి వాల్వు మార్చి ఇలాంటిది పెట్టుకోవడమే మా సలహా. ఇవి గట్టిపడితే కారణం సాధారణంగా రబ్బరు ఉబ్బడమే. నైట్రైల్ రబ్బరు రింగులు ఎవ్‌గ్యాస్‌కి (విమానాల పెట్రోలుకి) సరిపోతాయి, ఇథనాల్ గానీ ఆరోమాటిక్స్ అనే రసాయనాలు గానీ ఎక్కువున్న ఇంధనంలో ఉబ్బుతాయి. వైటాన్ రబ్బరు వాటికి తట్టుకుంటుంది, కానీ గట్టి చలిలో బిరుసెక్కుతుంది. కాబట్టి చికాగో జనవరిలో ఎగిరేవాళ్లు హీటరు పెట్టిన హ్యాంగర్‌లో తిప్పి చూసి సంతోషపడకూడదు, రాత్రంతా బయట ఉంచి పొద్దున్నే తిప్పి చూడాలి. ట్యాంకులు నెలల తరబడి ఖాళీగా ఉంచితే నైట్రైల్ ఎండి కుంచించుకుపోతుంది, అప్పుడు బిగువు పోయి కారుడు మొదలవుతుంది. రింగు మార్చేటప్పుడు కొలత ఒక్కటే చూసి కొనకండి. ఎంఎస్28775 హైడ్రాలిక్ నూనెకి, ఎంఎస్29513 పెట్రోలుకి. రెండూ నల్లగా ఒకలాగే ఉంటాయి, సంచీ మీద అంకె చదవండి. తయారీదారు విప్పొద్దన్న వాల్వుని విప్పకుండా వాళ్లకే పంపండి. ఇంధనం రకం మార్చిన ప్రతిసారీ, మార్చే ముందూ కొన్ని వారాల తర్వాతా బిగువు కొలిచి పోల్చుకోండి.

పొడుగు పిడి పెట్టడం వైద్యం కాదు. పిడి రెండింతలైతే చేతికి తేలికనిపిస్తుంది, లోపల రాపిడి అంతే ఉంటుంది, పిన్ను మీద పడే బలం మీ చేతికి తెలియకుండా పోతుంది. ఆ పిన్ను తెగిన రోజు పిడి చుట్టూ తిరుగుతుంది, వాల్వు కదలదు.

వాల్వు ముట్టుకున్నాక ప్రవాహం కొలవకుండా ఎగరకండి. ఇంజను దగ్గర గొట్టం విప్పి, కొలత గీతలున్న పాత్రలోకి ఒక్కో ట్యాంకు నుంచీ విడివిడిగా, ముక్కు గరిష్ఠ క్లైంబ్ కోణంలో ఎత్తిపెట్టి, ట్యాంకులో తక్కువ పెట్రోలు ఉంచి కొలవాలి. పంపుతో నడిచే వ్యవస్థలో టేకాఫ్ ఖర్చుకి 125 శాతం, గ్రావిటీతో నడిచేదాంట్లో 150 శాతం రావాలి. 160 హార్స్‌పవర్ ఇంజను లెక్క వేద్దాం. హార్స్‌పవర్‌కి గంటకి అర పౌను చొప్పున 80 పౌన్లు, అంటే 13.3 గ్యాలన్లు. దానికి 125 శాతం 16.7 గ్యాలన్లు, నిమిషానికి లీటరు పైన కాస్త. ఇదే పరీక్షలో పిడిని మెల్లగా మధ్యలోకి జరుపుతూ, ధార ఎక్కడ సన్నబడుతుందో చూసి, ముల్లు నిజంగా పూర్తిగా తెరిచిన చోటే ఆగుతోందో లేదో నిర్ధారించుకోండి.

ఇప్పుడు మేం అడుగుతున్న మార్పు. కండిషన్ ఇన్‌స్పెక్షన్ జాబితాలో సెలెక్టర్‌కి ఒక సొంత వరస పెట్టండి. బెల్టులు ఎగిరేటప్పుడు ఎంత బిగిస్తారో అంత బిగించి, కుడి చెయ్యి స్టిక్కు మీద, రెండు కాళ్లూ పెడల్స్ మీద పెట్టి, కళ్లు మూసుకుని ఎడమ చేత్తో అన్ని స్థానాలకూ, ఆఫ్‌తో సహా, తిప్పండి. స్టిక్కు ఎడమ చేత్తో పట్టే విమానమైతే చేతులు మార్చుకోండి. పక్కన నిలబడ్డవాళ్లు చేతిని కాదు, మీ కాళ్లను చూడాలి, పెడల్ కదిలితే ఆ వాల్వు ఫెయిలైనట్టే. తర్వాత బిగువు కొలవండి. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కాటా మనవాళ్లందరి ఇళ్లలోనూ ఉంటుంది, అది చాలు. దాని కొక్కెం పిడి కొనకి తగిలించి, పిడికి లంబంగా లాగి, కదలిక మొదలైనప్పుడు ఎంత చూపిందో రాసుకోండి. కొన నుంచి ఇరుసు మధ్యకి దూరం కూడా రాయండి, లేకపోతే అంకెకి అర్థం ఉండదు. 2 అంగుళాల పిడికి 3 కిలోల లోపు ఉంటే మంచిది, 5 కిలోలు దాటితే విమానం కదలకూడదు అనేది మేం పెట్టుకున్న హద్దు, ఏ నిబంధనలోనూ లేదు. అయితే ఆ అంకెల కంటే ముఖ్యమైంది పోయినేటితో పోలిక. 2 కిలోలున్నది 3 అయిందంటే హద్దు లోపలే ఉన్నా విప్పి చూడండి, గ్రీజు పొర పోతోందని అర్థం.

టెక్నికల్ కౌన్సెలర్లుగా ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కన్సోలు మూసేశాక చూస్తే గొట్టాల లాగుడు కనపడదు. గొట్టాలు కలిపి, మూత వెయ్యకముందు ఒకసారి చూస్తామని కట్టేవాళ్లకు ముందే చెప్పండి. వాల్వుని ప్లాన్‌లో ఉన్న చోటు నుంచి కదిపినట్టు కనపడితే మొహమాటపడకండి. మనవాళ్లలో పెద్దాయన, ముప్పై ఏళ్ల ఇంజనీరింగు అనుభవం ఉన్నాయన కట్టిన విమానమైనా, కూర్చుని బెల్టు బిగించి తిప్పి చూపించమని అడగండి. ఆ రెండు నిమిషాలు అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు, చిన్నబుచ్చుకున్నా ఫర్వాలేదు.

నడిపేవాళ్లకు: ట్యాంకు మార్పు రన్-అప్‌కి (లేచే ముందు ఇంజను వేగం పెంచి చూసే పరీక్షకి) ముందే చెయ్యండి, రన్-అప్ తర్వాత టేకాఫ్ దాకా ముట్టుకోవద్దు. అప్పుడు ఆ ట్యాంకు నుంచి ఇంజను నడుస్తుందని నేల మీదే తేలిపోతుంది. గాల్లో మార్చాల్సొస్తే ఎత్తులో, దిగడానికి చోటు కింద ఉండగా, బూస్ట్ పంపు (సాయం పెట్రోలు పంపు) వేసి మార్చండి. దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో, 500 అడుగుల ఎత్తులో ఆ పని వద్దు. గాల్లో వాల్వు పట్టేసి మధ్యలో ఆగితే ముందుకు నెట్టకండి, ఇంజను బాగా నడిచిన స్థానానికి వెనక్కి తిప్పండి. ఆ క్షణం నుంచి ఆ ట్యాంకులో ఉన్నదే మీ పెట్రోలు, రెండో రెక్కలో ఉన్నది బరువు కింద లెక్క. దగ్గరలోని రన్‌వే చూసుకుని దిగండి. ఎగరని నెలల్లో కూడా నెలకోసారి హ్యాంగర్‌లో అన్ని స్థానాలకూ తిప్పండి, తిప్పాక ముల్లు ఎక్కడ వదిలారో చూసి రండి.

అమ్మేవాళ్లు వాల్వు ఏ రకమో, ఎప్పుడు విప్పారో, గ్రీజు ఏది వాడారో, చివర కొలిచిన బిగువెంతో ఒక కాగితం మీద రాసి కొనేవాళ్లకివ్వండి. డబ్బు చేతులు మారకముందే వాళ్లను సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఆ వాల్వు వాళ్ల చేత తిప్పించండి. కొనేవాడు మీకన్నా పొట్టివాడైతే, భుజం మీదో మణికట్టు మీదో పాత దెబ్బ ఉన్నవాడైతే, మీకు తేలిగ్గా తిరిగేది అతనికి తిరగకపోవచ్చు. తిరగలేదంటే ఆ రోజు విమానం అక్కడే ఉండాలి, ముందు వాల్వు విప్పాలి.

ఇట్లు,
సొంత విమానాల నిర్మాణం, మరమ్మతు పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లు